నల్లగొండలో నల్లబుల్ గోల: ఎంఎస్‌బిల్డ్ కండిషన్లు ఒక సీజన్ వాడాక

ముందే చెప్పేస్తాను, ఎంఎస్‌బిల్డ్‌లో (మనం రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా తయారుచేసే, అంటే బిల్డ్ చేసే, మైక్రోసాఫ్ట్ పనిముట్టు ఇది) ఈ కండిషన్ల సౌకర్యానికి నేను అయిదుకు మూడున్నర ఇస్తున్నాను, పోయిన ఒకటిన్నరలో ఒకటి మాత్రం నా తెలివితక్కువకు పడ్డ కోత. సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష వెర్షన్ ఏదో చూసుకుని దాన్ని బట్టి బిల్డ్ ప్రాపర్టీలు, అంటే బిల్డ్ సెట్టింగులు, పెట్టుకోవడం గురించి ఈ రివ్యూ. అంటే సీ షార్ప్ 8, ఆపైన ఉన్న ప్రాజెక్టులకు ఒక సెట్టింగ్, 7.3 దగ్గర ఆగిపోయిన ప్రాజెక్టులకు ఇంకో సెట్టింగ్, రెండూ ఒకే ఫైల్లో రాసేసి ఇక మర్చిపోవడం. వినడానికి తేలిక, సరిగ్గా రాస్తే పని కూడా చేస్తుంది. తప్పుగా రాస్తే మాత్రం చాలాసార్లు ఉలకదు పలకదు, అక్కడే నా మూడు వారాలు పోయాయి.

మా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ గోలంతా ఎందుకో అర్థం కాదు. క్లాక్ టవర్ దగ్గర మేడ మీద ఒక గది, ఇద్దరం పని చేస్తాం, నేను, మా తమ్ముడి వరస ఒకడు. నల్లగొండ, మిర్యాలగూడ చుట్టుపక్కల రైసు మిల్లులకు కాంటా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి పెడతాం. వడ్ల లారీ కాంటా ఎక్కితే లోడు తూకం, దిగుమతి అయ్యాక ఖాళీ లారీ తూకం, తేమ ఎంత, తరుగు ఎంత, హమాలీ ఎంత, అన్నీ లెక్క కట్టి చిట్టీ ప్రింటు కొట్టడం, ఇంతే పని. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏం కాదు గానీ యాసంగి వడ్లు దిగే రోజుల్లో అది ఆగితే రోడ్డు మీద లారీలు ఆగుతాయి.

కొన్ని మిల్లుల్లో కంప్యూటర్లు ఇంకా విండోస్ 7 మీదే ఉన్నాయి. దానికి 2020 జనవరి 14తోనే సపోర్ట్ ఆగిపోయిందని చెబితే సేటు నవ్వి, నడుస్తుంది కదా అంటాడు. మీద వేలెడు మందాన ఊక దుమ్ము, కింద కీబోర్డులో మూడు అక్షరాలు కనిపించవు, అయినా నడుస్తుంది, ఆయన మాట నిజమే. సీ షార్ప్ ప్రోగ్రాంలు నడవాలంటే మిషన్లో డాట్‌నెట్ అనే మైక్రోసాఫ్ట్ ప్లాట్‌ఫాం ఉండాలి. ఆ మిషన్ల మీద డాట్‌నెట్ 8కు సపోర్ట్ లేదు కాబట్టి దాని పాత తరం, డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.7.2 పట్టుకుని ఉన్నాం. కొత్త కంప్యూటర్లున్న మిల్లులకు డాట్‌నెట్ 8. ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టుకు మనం ఏమీ చెప్పకపోతే కంపైలర్ (కోడ్‌ను చదివి ప్రోగ్రాంగా మార్చేది) సీ షార్ప్ 7.3 తీసుకుంటుంది, డాట్‌నెట్ 8కు సీ షార్ప్ 12. మా దగ్గర మొత్తం తొమ్మిది ప్రాజెక్టులు, నాలుగు పాతవి, నాలుగు కొత్తవి, ఒకటి రెండు వైపులా వాడే ఉమ్మడి లైబ్రరీ. తూకం లెక్కలన్నీ ఆ ఉమ్మడి దాంట్లోనే ఉంటాయి. డీఫాల్టును నమ్మడం ఎందుకని ప్రతి ప్రాజెక్టు ఫైల్లోనూ లాంగ్‌వెర్షన్ అని ఒక లైను పెట్టి 7.3 అనో 12 అనో రాసుకున్నాం. ఈ లైను గుర్తుంచుకోండి, కథంతా దీని చుట్టే.

ఇక నల్లబుల్. నల్లగొండ వాళ్లం కాబట్టి ఈ పేరు మాకు నోరు తిరగడం కష్టం కాలేదు. 2019లో సీ షార్ప్ 8తో వచ్చింది ఇది. ఒక చోట విలువ లేకపోవచ్చు, అంటే నల్ రావచ్చు, నువ్వు చూసుకోకుండా దాన్ని వాడేస్తున్నావు అని కంపైలరే ముందుగా హెచ్చరిస్తుంది. మాలాంటి వాళ్లకు బంగారం లాంటి విషయం, ఎందుకంటే మాకు టెస్టింగ్ టీం లేదు, మిల్లు గుమాస్తానే మా టెస్టింగ్ టీం. కానీ దీన్ని తొమ్మిదింటికీ గంపగుత్తగా ఆన్ చేస్తే 7.3 ప్రాజెక్టుల్లో సీఎస్8630 అని ఎర్రర్ పడుతుంది, ఈ భాషకు ఇది చెల్లదు, 8.0 లేదా ఆపైది వాడు అంటుంది. న్యాయమే. అందుకే కండిషన్ కావాల్సి వచ్చింది.

ఎంఎస్‌బిల్డ్ 2005 నుంచి ఉన్నదే, 2015లో దాని సోర్సు అందరికీ తెరిచారు. 2017లో వచ్చిన వెర్షన్ 15తో డైరెక్టరీ డాట్ బిల్డ్ డాట్ ప్రాప్స్ అనే ఏర్పాటు వచ్చింది. ఆ పేరుతో ఒక ఫైలు పై ఫోల్డర్లో పెడితే చాలు, కింద ఉన్న ప్రాజెక్టులన్నీ దాన్ని వాటంతట అవే చదువుకుంటాయి. అంతకుముందు ఇలాంటి ఉమ్మడి ఫైలును ప్రతి ప్రాజెక్టులోనూ చేత్తో ఇంపోర్ట్ చేసుకోవాల్సి వచ్చేది, ఆ రోజులు చూసిన వాళ్లకు దీని విలువ తెలుస్తుంది. దీనికి మాత్రం అయిదుకు అయిదు.

నేను చేసిందేమిటంటే ఆ ప్రాప్స్ ఫైల్లో ఒక ప్రాపర్టీగ్రూప్, అంటే సెట్టింగుల గుంపు, రాసి, లాంగ్‌వెర్షన్ 8.0 కంటే ఎక్కువో సమానమో అయితే నల్లబుల్ ఆన్ చెయ్యి, ఆ హెచ్చరికలను ఎర్రర్లుగా మార్చు అని కండిషన్ పెట్టాను. బిల్డ్ కొట్టగానే ఎంఎస్‌బీ4086 అని ఎర్రర్. దాని సారాంశం: సంఖ్యలు పోల్చమన్నావు, కానీ లాంగ్‌వెర్షన్ దగ్గర సంఖ్య లేదు, ఖాళీగా ఉంది. మా తమ్ముడు పక్కనుంచి తొంగి చూసి, "అన్నా, ఖాళీ ఉంటే కొడుతుంది కదా, ముందు ఖాళీ కాదా అని చూసి తర్వాత పోల్చితే సరిపోతదే" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. ఖాళీ కాకపోతే, ఇంకా 8.0 దాటితే, అని మార్చాను. ఎర్రర్ పోయింది. తొమ్మిది ప్రాజెక్టులూ చక్కగా బిల్డ్ అయ్యాయి. ఇద్దరం కిందికి దిగి చాయ్ తాగొచ్చాం.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ ఎర్రర్ నాకు నిజమే చెప్పింది, బాబూ నువ్వు అడుగుతున్న చోట లాంగ్‌వెర్షన్ ఖాళీగా ఉంది అని. తొమ్మిది ప్రాజెక్టుల్లోనూ నా చేత్తో రాసిన లైను ఉండగా అది ఖాళీ ఎందుకైంది అని నేను అడగాలి. అడగకుండా దాని నోరు కట్టేశాను.

పైగా పరీక్ష కూడా చేశాను, అదింకా పెద్ద కామెడీ. కమాండ్ లైన్లో హైఫన్ పీ పెట్టి లాంగ్‌వెర్షన్ 12 అని ఇచ్చి ఒక కొత్త ప్రాజెక్టు బిల్డ్ చేశాను. నల్లబుల్ ఎర్రర్లు బిలబిలమని పడ్డాయి. ఓహో ఆన్ అయింది, ఇవన్నీ తర్వాత తీరిగ్గా సరిచేద్దాం అనుకున్నాను. తర్వాత మామూలుగా బిల్డ్ చేస్తే ఒక్కటీ రాలేదు, తమ్ముడు సరిచేసి ఉంటాడు అనుకున్నాను. వాడేమో నేను సరిచేశాననుకున్నాడు. కమాండ్ లైన్లో ఇచ్చిన విలువ మొదటి నుంచి చివరి దాకా అన్ని ఫైళ్లకూ కనిపిస్తుంది, మామూలుగా ప్రాజెక్టులో రాసింది దాన్ని కొట్టేయలేదు కూడా. ప్రాజెక్టు ఫైల్లో రాసిన విలువకు ఆ యోగం లేదు, అది రాసిన చోటు దాటాకే కనిపిస్తుంది. ఈ తేడా తెలియకుండా కమాండ్ లైన్లో పరీక్షించి పాసైపోయిందనుకుంటే నాలాగే అవుతుంది.

మూడు వారాలు గడిచాక ఒక మిట్టమధ్యాహ్నం మిల్లు నుంచి ఫోన్. "అన్నా, చిట్టీ నొక్కితే మొత్తం మూసుకపోతుంది, ఎనక ఆరు లారీలున్నయ్" అన్నాడు గుమాస్తా. ఆ రోజు తేమ కొలవకుండా నేరుగా దించుకున్న లోడు ఒకటి వచ్చిందట, దానికి తరుగు వరుస లేదు. కోడ్‌లో ఆ లారీకి తరుగు వెతికి మొదటిది తీసుకో, లేకపోతే నల్ ఇవ్వు అని ఉంది, ఆ వెంటనే తర్వాతి లైన్లో నల్లో కాదో చూడకుండా దాంట్లోంచి కిలోలు చదివేస్తున్నాం. నల్లబుల్ ఆన్‌లో ఉంటే కంపైలర్ సరిగ్గా ఆ లైను కింద గీత గీసి సీఎస్8602 అనేది, మేము ఎర్రర్‌గా మార్చుకున్నాం కాబట్టి బిల్డే ఆగేది. అది కొత్త కంప్యూటరున్న మిల్లు, డాట్‌నెట్ 8 ప్రాజెక్టు, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి, ఆ ఒక్కటి తప్ప. గుమాస్తా ఆ పూట చిట్టీలు చేత్తో రాశాడు, నాకు ఆ సాయంత్రం దాకా ఫోన్ మోగితే గుండె దడ.

రాత్రి కూర్చుని చూశాను. డాట్‌నెట్ 8 ఎస్‌డీకే (ప్రోగ్రాంలు రాసేవాళ్లు వేసుకునే సాధనాల మూట, ఎంఎస్‌బిల్డ్ కూడా అందులోదే) నుంచి గెట్‌ప్రాపర్టీ అని ఒక స్విచ్ ఉంది, ప్రాజెక్టు ఫైలు పేరు ఇచ్చి ఏ ప్రాపర్టీ కావాలో చెబితే చివరికి దాని విలువ ఏమైందో ఒక్క ముక్కలో చెబుతుంది. నల్లబుల్ అడిగాను. ఒక ఖాళీ లైను వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ ఖాళీ. లాంగ్‌వెర్షన్ అడిగాను, 12 అంది. అంటే 12 ఉంది, 8 కంటే ఎక్కువే, అయినా కండిషన్ పారలేదు. ఓ పావుగంట స్క్రీన్ కేసి చూస్తూ కూర్చున్నాను. ఈ స్విచ్ చూపేది అంతా అయ్యాక మిగిలిన విలువ, నా కండిషన్ చదివిన క్షణంలో ఉన్న విలువ అది చూపదు. అది తేల్చుకోవాలంటే ఏ ఫైలు ఏ వరుసలో వస్తుందో తెలియాలి, దానికి ప్రీప్రాసెస్ అనే ఇంకో స్విచ్ కావాలి, ఇంపోర్ట్ అయిన ఫైళ్లన్నిటినీ వరుసలో కుట్టేసి ఒకే పెద్ద ఫైలుగా ఇస్తుంది. పదహారు లైన్ల మా ప్రాజెక్టు వేల లైన్లయి కూర్చుంది. అందులో వెతికితే నా ప్రాప్స్ ఫైలు ఎక్కడో పైన ఉంది, లాంగ్‌వెర్షన్ 12 అని నేను రాసిన లైను దానికి చాలా కింద ఉంది.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసిన వాళ్లకు తెలుసు, గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా ఉంటుంది, ఎదుటి స్తంభాల్లో దేనిదా నీడ అంటే నిలబడి చూసి చెప్పలేం. ఎస్‌డీకే ప్రాజెక్టుల్లో ప్రాపర్టీలు కూడా అలాగే, విలువ కళ్లముందుంటుంది, ఏ ఫైల్లోంచి వచ్చిందో ప్రాజెక్టు ఫైలు తెరిచి చూస్తే తెలియదు.

విషయం నిజానికి చిన్నది. ఎంఎస్‌బిల్డ్ ప్రాపర్టీలను పై నుంచి కిందికి వరుసగా చదువుకుంటూ పోతుంది, ఇంపోర్టులు ఎదురైతే అక్కడికక్కడ ఆ ఫైల్లోకి దిగి చదివి మళ్లీ వస్తుంది. ప్రాప్స్ ఫైలు చాలా ముందు వస్తుంది, మన ప్రాజెక్టులో రాసుకున్న మొదటి లైను కంటే ముందే. కాబట్టి ప్రాజెక్టులో ఏం రాసి ఉందో దానికి తెలిసే అవకాశమే లేదు. లారీ కాంటా ఎక్కకముందే చిట్టీ రాయమంటే గుమాస్తా ఏం రాస్తాడు? నా కండిషన్ చేసింది అదే, ఖాళీ చూసి, ఖాళీ అయితే వదిలెయ్యమన్నావు కదా అని బుద్ధిగా వదిలేసింది.

మందు కూడా పక్కనే ఉంది. డైరెక్టరీ డాట్ బిల్డ్ డాట్ టార్గెట్స్ అని ఇంకో ఫైలు, ఇది ప్రాజెక్టు ఫైల్లో ఉన్నవన్నీ చదివాక వస్తుంది. అదే ప్రాపర్టీగ్రూప్‌ను ఒక్క అక్షరం మార్చకుండా కోసి అక్కడ అతికించాను. గెట్‌ప్రాపర్టీ కొడితే నల్లబుల్ ఎనేబుల్ అని వచ్చింది. మార్చింది చోటు, అంతే. నల్లబుల్‌ను ఎలాగూ కంపైలర్‌ను పిలిచే సమయంలో చదువుతారు కాబట్టి ఆలస్యంగా పెట్టినా నష్టం లేదు. టార్గెట్‌ఫ్రేమ్‌వర్క్ (ప్రాజెక్టును ఏ డాట్‌నెట్ కోసం బిల్డ్ చేయాలో చెప్పే ప్రాపర్టీ) లాంటివి అక్కడ మార్చాలని మాత్రం చూడకండి, అప్పటికి ఎస్‌డీకే వాటిని చదివేసి తన ఏర్పాట్లు తాను చేసుకుని ఉంటుంది.

టార్గెట్స్ ఫైల్లో ఇంకో మెలిక ఉంది, అందులోనూ పడ్డాను. చివర రాసిందే గెలుస్తుంది కాబట్టి ప్రాజెక్టులో కావాలని పెట్టుకున్న విలువను కూడా ఇది తొక్కేస్తుంది. రిపోర్టులు ప్రింటు చేసే ప్రాజెక్టులో కోడ్ పాతది, దాంట్లో నల్లబుల్ డిసేబుల్ అని స్పష్టంగా రాసుకున్నాం, నా కొత్త ఫైలు దాన్నీ ఆన్ చేసేసింది, ఎర్రర్లు వందల్లో పడ్డాయి. నల్లబుల్ ఇప్పటికే ఎవరూ పెట్టకపోతేనే పెట్టు అని కండిషన్లో ఇంకో ముక్క కలిపితే సర్దుకుంది. చూడండి తమాషా, ఖాళీయా కాదా అనే ప్రశ్న మొదటి చోట నన్ను ముంచింది, ఇక్కడ కాపాడింది.

ఉమ్మడి లైబ్రరీ విషయంలో ఇంకా తల తిరిగింది. అది రెండు టార్గెట్‌ఫ్రేమ్‌వర్కులకు బిల్డ్ అవుతుంది. టార్గెట్‌ఫ్రేమ్‌వర్క్‌ను బట్టి కండిషన్ ఒకటి ప్రాప్స్ ఫైల్లోనే పెట్టి చూస్తే ఆ లైబ్రరీలో చక్కగా పని చేసింది, మిగతా ఎనిమిదింటిలో చేయలేదు. ఒకే లైను, ఒక ఇంట్లో వెలుగుతుంది, పక్కింట్లో వెలగదు. రెండింటికి బిల్డ్ చేసేటప్పుడు ఎంఎస్‌బిల్డ్ ఒక్కో ఫ్రేమ్‌వర్క్‌కు ఒక్కోసారి లోపలి బిల్డ్‌ను పిలుస్తూ టార్గెట్‌ఫ్రేమ్‌వర్క్ విలువను బయటి నుంచే ఇస్తుంది, అంటే మనం కమాండ్ లైన్లో ఇచ్చినట్టే, అందుకే ప్రాప్స్‌కు కనిపిస్తుంది. ఒకే ఫ్రేమ్‌వర్క్ ఉన్న ప్రాజెక్టులో ఆ విలువ ప్రాజెక్టు ఫైల్లోనే ఉంటుంది కాబట్టి కనిపించదు. తెలిశాక సబబుగానే ఉంటుంది, తెలిసేలోపు జుట్టు పీక్కోవాలి. దీనికి నేను అరమార్కు కోశాను.

చిన్నచిన్నవి కొన్ని. తమ్ముడు ఒక ప్రాజెక్టులో లాంగ్‌వెర్షన్‌కు లేటెస్ట్ అని రాశాడు, అది సంఖ్య కాదు కాబట్టి పోలిక దగ్గర మళ్లీ అదే ఎంఎస్‌బీ4086. లేటెస్ట్ అంటే ఏ మిషన్లో ఏ కంపైలర్ ఉంటే దాని లెక్క, నా దగ్గర ఒకటి వాడి దగ్గర ఒకటి అవుతుంది, దాన్ని వాడొద్దని డాక్యుమెంటేషన్లోనే రాసి ఉంది, కాబట్టి అంకె రాసుకోవడమే మేలు. చిన్నది అనే గుర్తును ఈ ఫైళ్లు రాసే ఎక్స్‌ఎంఎల్‌లో నేరుగా రాయకూడదు, దానికి బదులు యాంపర్సండ్ ఎల్‌టీ అని రాయాలి, నాకు చిరాకు, అందుకే కండిషన్ తిప్పి పెద్దది అనే గుర్తుతోనే రాస్తాను. 10 పెద్దదా 8 పెద్దదా అన్న దగ్గర మాత్రం భయం అక్కర్లేదు, పెద్దదా చిన్నదా అని అడిగితే సంఖ్యలుగానే చూస్తుంది. అయితే 4.10, 4.9 లాంటి వెర్షన్లను కూడా అలాగే దశాంశాలుగా చూసి 4.9నే పెద్దదంటుంది. సీ షార్ప్‌లో 7.3 తర్వాత 8 వచ్చేసింది కాబట్టి మనకు ఆ బాధ లేదు, ప్యాకేజీ వెర్షన్లు పోల్చే వాళ్లు వెర్షన్‌గ్రేటర్‌దాన్‌ఆర్‌ఈక్వల్స్ అనే ఫంక్షన్ వాడుకోవాలి, పేరు చాంతాడంత ఉన్నా పని సరిగ్గా చేస్తుంది.

ఇంత తంటా ఎందుకు, పాత ప్రాజెక్టులు ఒక ఫోల్డర్లో, కొత్తవి ఇంకో ఫోల్డర్లో పెట్టి రెండు ప్రాప్స్ ఫైళ్లు రాసుకుంటే కండిషనే అక్కర్లేదు కదా అనొచ్చు. నిజం, నేనూ చేసి చూశాను, చిన్న టీముకు అదే సుఖం. దగ్గరలో దొరికిన మొదటి ప్రాప్స్ ఫైలుతో ఎంఎస్‌బిల్డ్ ఆగిపోతుంది, పైన ఇంకోటి ఉంటే దాన్ని మనమే ఇంపోర్ట్ చేసుకోవాలి, ఆ ఒక్కటి గుర్తుంటే చాలు. లాంగ్‌వెర్షన్‌ను కూడా ప్రాజెక్టుల్లోంచి తీసేసి ఆ ప్రాప్స్‌లోనే పైన రాసుకుంటే, దాని కింద ఏ కండిషన్ పెట్టుకున్నా పని చేస్తుంది, ఎందుకంటే అప్పటికే చదివేసి ఉంటుంది. మా ఇబ్బంది ఆ ఉమ్మడి లైబ్రరీ, అది ఏ ఫోల్డర్లోనూ ఇమడదు, దానికి కండిషన్ తప్పదు. అందుకే టార్గెట్స్ ఫైలే ఉంచుకున్నాం.

వాడొచ్చా అని అడిగితే వాడండి, మూడు నాలుగు ప్రాజెక్టులు దాటి, మాలా ఉమ్మడి లైబ్రరీ కూడా ఉంటే వేరే దారి లేదు. రాసిన రోజే, కమాండ్ లైన్లో విలువేమీ ఇవ్వకుండా, పాతదొకటి కొత్తదొకటి తీసుకుని గెట్‌ప్రాపర్టీ కొట్టి చూసుకోండి, రెండు నిమిషాల పని. మా గోడ మీద ఇప్పుడు ఆ కమాండ్ రాసిన కాగితం ఒకటి అంటించి ఉంది, తమ్ముడి రాత.

మొన్న మిర్యాలగూడ వెళ్లినప్పుడు విండోస్ 7 సేటును మళ్లీ కదిపాను, ఆయన ఒక్కడు కొత్త కంప్యూటర్ కొంటే పాత కంప్యూటర్లున్న మిగతా ఇద్దరు సేట్లూ ఆయన్ని చూసి కొంటారు, మాకు నాలుగు ప్రాజెక్టులు, ఈ కండిషన్, అన్నీ తీసి పడేయొచ్చు. ఆయన ఊక దులిపి ఆన్ బటన్ నొక్కి చూపించాడు, లేచింది. "వానకాలం వడ్లు దిగనీ, అప్పుడు చూద్దాం" అన్నాడు.